జీటీఏ 6 సీజన్‌కు ముందు: గేమ్ జర్నలిజంలోకి వచ్చేవారికి కొన్ని జాగ్రత్తలు

గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6 (జీటీఏ 6) గేమ్‌ను 2026 నవంబరు 19న విడుదల చేస్తామని రాక్‌స్టార్ గేమ్స్ ప్రకటించింది. ఇంత పెద్ద గేమ్ వచ్చే ముందు మిషన్ గైడ్లు (గేమ్‌లోని ఒక్కో ఘట్టాన్ని ఎలా దాటాలో చెప్పే వ్యాసాలు), చిట్కాలు రాయడానికి కొత్తవారిని గుంపులుగా చేర్చుకుని, విడుదల వేడి చల్లారగానే వదిలేసే వెబ్‌సైట్లు ఈ రంగంలో తక్కువేమీ కాదు. అలాంటి పిలుపు వచ్చినప్పుడు సంబరపడి ఒప్పుకోకముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

అన్నింటికన్నా ముందు గంటకు ఎంత గిట్టుతుందో లెక్క వేసుకోవాలి. పదానికింత, వ్యాసానికింత అని చెప్పే రేట్లలో గేమ్ ఆడిన సమయం కనిపించదు. ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ సమీక్షకు రూ.1,500 ఇస్తామన్నారనుకుందాం. ఆడి ముగించడానికి 40 గంటలు, రాయడానికి, స్క్రీన్‌షాట్లు తీయడానికి, ఎడిటర్ అడిగిన మార్పులు చేయడానికి మరో 10 గంటలు పడితే గంటకు దక్కేది రూ.30 మాత్రమే. వ్యూస్‌ను బట్టి చెల్లిస్తామనే పద్ధతి ఇంకా ప్రమాదకరం. శీర్షిక ఏమిటో, వ్యాసం పేజీలో ఎక్కడ ఉండాలో నిర్ణయించేది రచయిత కాదు కనుక, నిర్ణీత పారితోషికం పైన అదనంగా ఇస్తే తప్ప దానికి ఒప్పుకోకూడదు. ఇక పేరు పడుతుంది కదా అనే మాటను పారితోషికం కింద జమ కట్టనే కూడదు, ఎందుకంటే పేరు వేయడం సైటుకు పైసా ఖర్చు లేని పని. జీటీఏ 6ను ప్రస్తుతం పీఎస్5 (ప్లేస్టేషన్ 5), ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకే, అంటే గేములు ఆడే యంత్రాలకే ప్రకటించారు కాబట్టి, కన్సోల్, గేమ్ ఎవరు కొనాలన్నది కూడా ముందే అడగాలి.

పరీక్ష కోసమంటూ వ్యాసం రాయించుకుని, దాన్నే ప్రచురించుకునేవారూ ఉన్నారు. ప్రచురిస్తే డబ్బు ఇవ్వాలని ముందే మెయిల్‌లో రాయించుకోవాలి. మూడు నెలలు ఊరికే రాస్తే తర్వాత చూద్దామనేవారికి మర్యాదగా వద్దని చెప్పడమే మేలు. నమూనాలు చూపడానికి వాళ్ల సైటే అక్కర్లేదు: పీసీ గేములు అమ్మే స్టీమ్ సైటు జరిపే నెక్స్ట్ ఫెస్ట్‌లో రాబోయే గేముల డెమోలు ఉచితంగా దొరుకుతాయి, ఇచ్.ఐఓ (itch.io) సైటులో ఉచిత చిన్న గేములకు కొదవ లేదు. వాటిపై సొంత బ్లాగులో శ్రద్ధగా రాసిన రెండు మూడు సమీక్షలు, ఊళ్లోని ఒక చిన్న స్టూడియో డెవలపర్‌తో చేసిన ఇంటర్వ్యూ ఉంటే, ఎడిటర్‌కు పంపడానికి అవి సరిపోతాయి.

ఒప్పందంలో ప్రధానంగా చూడవలసినది హక్కుల షరతు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫ్రీలాన్సర్ రాసిన వ్యాసానికి తొలి యజమాని రచయితే. హక్కులు బదిలీ కావాలంటే సంతకంతో కూడిన రాతపూర్వక పత్రం ఉండాలి, అందులో గడువు చెప్పకపోతే అది అయిదేళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశంగా పరిగణిస్తారు. అందువల్ల సకల హక్కులూ శాశ్వతంగా తమవే అనే వాక్యం కనిపిస్తే, కనీసం దానికి తగ్గ ధరైనా అడగాలి. చెల్లింపు గడువు ప్రచురణ నాటి నుంచి కాకుండా వ్యాసం అందజేసిన నాటి నుంచి లెక్కకు రావాలి. ఎందుకంటే ఇదే జీటీఏ 6ను మొదట 2025 చివర్లో అన్నారు, తర్వాత 2026 మే 26కు, ఆపైన నవంబరుకు జరిపారు. వాయిదా పడిన ప్రతిసారీ అప్పటికే రాసి ఇచ్చినవారి డబ్బు ఆగిపోవడం న్యాయం కాదు.

సైటు భారతీయ సంస్థదైతే, పని మొదలుపెట్టకముందే చిన్న సంస్థల నమోదుకు కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు చేసుకోవడం మంచిది. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం చెబుతోంది. గడువు దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లతో చక్రవడ్డీ పడుతుంది, ఇలాంటి బకాయిల కోసం కేంద్రం నడిపే సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఈ నిబంధనలను ఇన్‌వాయిస్‌లో (బిల్లులో) ఒక వరుసగా రాసిపెట్టండి.

డబ్బు వెంటనే వచ్చే పనుల్లోనూ ఒక ఉచ్చు ఉంది. గేమ్ సమీక్ష పేరుతో రమ్మీ, బెట్టింగ్ యాప్‌ల గురించి రాసిపెట్టమంటారు, రేటు కూడా మామూలు కంటే ఎక్కువే చెబుతారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనల్లో పాలుపంచుకున్నవారికి రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా విధించేలా 2025లో కేంద్రం చట్టం చేసింది. సంస్థ ఎంత పెద్దదైనా, ఇలాంటి వ్యాసం మీ పేరు లేకుండా వేస్తామన్నా, ఆ పని తీసుకోవద్దు.