మీకు ఇష్టమైన వీడియో గేమ్‌లకు ర్యాంకులు ఎలా ఇవ్వాలి?

హన్మకొండ చౌరస్తా దగ్గర ఏ ఛాయ్ హోటల్ ముందైనా నలుగురు దోస్తులు చేరితే "నీ టాప్ టెన్ గేమ్స్ ఏంటి?" అన్న మాట ఏదో ఒక రోజు వస్తుంది. ఒకడు నిన్న రాత్రి ఆడిన గేమ్ పేరు చెబుతాడు. ఇంకొకడు యూట్యూబ్‌లో చూసిన గేమ్ పేరు చెబుతాడు. మూడోవాడు చిన్నప్పటి ఆటలే గొప్పవని లొల్లి పెడతాడు. పది నిమిషాల్లో ముగ్గురూ పది పేర్లు చెప్పేస్తారు. అందులో మూడు కూడా వాళ్ల మనసులోవి కావు. మంచి ఆటలు ఆడినవాళ్లు కూడా ఇలా చేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఇష్టమైన ఆటల లిస్ట్ తయారుచేయడానికి ఒక పద్ధతి ఉంది. అది కష్టమేమీ కాదు. ఒక్క దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి.

కావాల్సినవి

కాగితం, పెన్ను, చీటీలు చింపడానికి పాత నోట్‌బుక్, ఒక వారం టైమ్. ఫోన్ వద్దు. ఫోన్‌లో రాస్తే మధ్యలో సెర్చ్ చేస్తారు, సెర్చ్ చేస్తే ఇంకొకరి లిస్ట్ కళ్లలో పడుతుంది.

మొదట పేర్లన్నీ రాయండి

గుర్తొచ్చిన వరుసలో రాస్తే సగం పేర్లు జారిపోతాయి. ఏ మిషన్ మీద ఆడారో ఆ వరుసలో రాయండి. మా ఈడు వాళ్లకైతే మొదట రూపాయి బిళ్ల వేసి ఆడిన వీడియో గేమ్ షాపు. అక్కడ అందరూ 'ముస్తఫా' అని పిలిచిన గేమ్ అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్', 1993లో క్యాప్‌కామ్ కంపెనీ తెచ్చింది. తర్వాత ఇంట్లో టీవీకి తగిలించిన క్యాసెట్ గేమ్: మారియో, కాంట్రా. బడిలో కంప్యూటర్ ల్యాబ్: డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా. ఎగ్జిబిషన్‌లో కొనిపించుకున్న బ్రిక్ గేమ్, అంటే టెట్రిస్. నోకియా ఫోన్‌లో పాము. నెట్ సెంటర్‌లో తుపాకుల ఆట కౌంటర్ స్ట్రైక్, ఊరంతా తిరిగే జీటీఏ వైస్ సిటీ. హాస్టల్‌లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, క్రికెట్ 07, కార్ల రేసు గేమ్ మోస్ట్ వాంటెడ్. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్. మీ ఈడును బట్టి ఈ మిషన్లు మారతాయి, పద్ధతి మారదు. ఒక్కో పేరు ఒక్కో చీటీ మీద రాయండి.

తర్వాత కొట్టేయండి

ఆడకుండా చూసినవన్నీ తీసేయండి. ఎంత బాగా చూసినా సరే.

ఇప్పుడు రోజూ ఆడుతున్న గేమ్‌ను కూడా పక్కన పెట్టండి. ఒక ఆటను వదిలి ఆరు నెలలైనా అయితే తప్ప అది మీకు ఇష్టమో, అలవాటో తెలియదు. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబర్‌లో కేంద్రం నిషేధించింది. అంతకు ముందు దాన్ని మించిన గేమ్ లేదన్న చాలామంది, నిషేధం రాగానే వేరే షూటింగ్ గేమ్‌కు వెళ్లి అక్కడే ఉండిపోయారు. 2021 జూలైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో అది మళ్లీ వచ్చినప్పుడు కొందరు వెంటనే తిరిగొచ్చారు. వాళ్లది ఇష్టం. వాళ్లు దాన్ని లిస్ట్‌లో పెట్టుకోవచ్చు.

చీట్ కోడ్లతో మాత్రమే ఆడిన గేమ్ లెక్కలోకి రాదు. వైస్ సిటీ 2002లో వచ్చింది. మన నెట్ సెంటర్లలో దాన్ని ఆడినవాళ్లలో ఎక్కువమంది 'పాంజర్' అని కొట్టి ట్యాంకు తెప్పించుకుని, 'లీవ్ మి అలోన్' అని కొట్టి పోలీసులను వదిలించుకుని ఊరంతా తిరిగినవాళ్లే. అది కూడా ఆనందమే, కాదనను. కానీ గేమ్ అప్పగించే పనుల్లో ఒక్కటి కూడా చెమట పట్టి పూర్తి చేయకుండా ఆ గేమ్‌కు మూడో ర్యాంకు ఇవ్వడం సరికాదు.

ఇంకొకటి, పేరున్న లిస్టుల నుంచి ఎత్తుకొచ్చిన పేర్లు. విమర్శకుల మార్కులు కలిపి లెక్కేసే మెటాక్రిటిక్‌లో 1998 నాటి 'జెల్డా: ఆకరీనా ఆఫ్ టైమ్' 99 మార్కులతో పైన ఉంటుంది. అది గొప్ప గేమే అయి ఉంటుంది. కానీ అది నింటెండో 64 మీద వచ్చిన ఆట, ఆ మిషన్ మన ఊళ్లో ఎవరింట్లో ఉంది? మీ చేతుల్లోకి రాని ఆటను మీ లిస్ట్‌లో పెట్టకండి.

అసలు కష్టమైన పని: పోల్చడం

ఇక్కడే అందరూ చెడగొడతారు. నిదానంగా చదవండి.

చాలామంది ఒక్కో గేమ్‌కు పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. అలా వేస్తే ఏం జరుగుతుందో వేసి చూడండి. ఇష్టమైనవే కదా రాశారు, కాబట్టి అన్నింటికీ ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. తర్వాత 8.5కీ 8.7కీ తేడా ఏమిటో ఎవరూ చెప్పలేరు. ఎస్ టైర్, ఏ టైర్ అని అరలు కట్టే పద్ధతి ఇంకా సోమరి పద్ధతి. ఒక అరలో ఆరు గేమ్‌లు పడేస్తే, ఆ ఆరింటి మధ్య తేల్చాల్సిన పని అలాగే మిగిలిపోతుంది.

మార్కులు వద్దు, అరలు వద్దు. ఎప్పుడూ రెండు చీటీలే తీసుకోండి. పక్కపక్కన పెట్టి ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ రెండింటిలో ఒకదాన్ని ఇక జన్మలో ఆడకూడదంటే, దేన్ని వదులుకుంటాను? వదులుకునేది కింద, ఉంచుకునేది పైన. మూడో చీటీ తీసి, అన్నింటికంటే కింద ఉన్నదానితో మొదలుపెట్టి పోల్చండి. గెలిస్తే పైదానితో, మళ్లీ గెలిస్తే దాని పైదానితో. ఎక్కడ ఓడితే అక్కడ ఆపండి. పై నుంచి మొదలుపెట్టకండి. పైన ఉన్న పేరుకు అప్పటికే గౌరవం వచ్చేసి ఉంటుంది, కొత్త చీటీకి న్యాయం జరగదు.

'ఏది గొప్ప గేమ్' అని మాత్రం అడగొద్దు. టెట్రిస్ 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన ఏడు ముక్కల ఆట. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఊళ్లు కట్టి, సైన్యాలు నడిపే ఆట. వీటిలో ఏది గొప్ప అని అడగడం కత్తినీ గరిటెనూ పక్కన పెట్టి ఏది గొప్ప అన్నట్టే ఉంటుంది. ఏది లేకపోతే మీకు వెలితిగా ఉంటుందో అడిగితే జవాబు వస్తుంది.

ఇప్పుడు అన్నింటికంటే పెద్ద ప్రమాదం, జ్ఞాపకం. దసరా సెలవులు, అమ్మమ్మ ఇల్లు, పక్కన చిన్నాన్న కొడుకు, వంటింట్లో నుంచి సర్వపిండి వాసన. ఆ గేమ్ పేరు వినగానే ఇదంతా ఒకేసారి వచ్చి మీద పడుతుంది. ఆ ఆనందంలో గేమ్ వాటా ఎంత, ఇంటి వాటా ఎంత? ఇది విడదీయకుండా ర్యాంకు ఇస్తే మీరు ఇస్తున్నది గేమ్‌కు కాదు, సెలవులకు.

విడదీసే దారి ఒక్కటే. ఆ గేమ్‌ను ఇప్పుడు ఒక గంట ఆడాలి. ఒంటరిగా, సౌండ్ పెట్టుకుని, పగటి పూట. మొదటి పావుగంటలో ఏ నిర్ణయానికీ రావద్దు, ఎందుకంటే ఆ పావుగంట పాత మ్యూజిక్ మత్తులోనే గడిచిపోతుంది. నలభై నిమిషాలు దాటాక మీ చెయ్యి ఇంకా ఆడాలనుకుంటోందా, ఫోన్ వైపు పోతోందా చూడండి. 1990 నాటి డేవ్ ఇక్కడే చాలామంది లిస్టుల్లోంచి రాలిపోతుంది. దాన్ని ప్రేమించింది ల్యాబ్‌లో వేరే గేమ్‌లు పెద్దగా లేకపోవడం వల్ల. అదే ల్యాబ్‌లో ఉన్న ప్రిన్స్ ఆఫ్ పర్షియా నిలబడుతుంది. 1989లో దాన్ని చేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్కటిగా బొమ్మల్లోకి ఎక్కించాడు. అందుకే ఆ రాకుమారుడికి మనిషి బరువు ఉంటుంది. బటన్ నొక్కగానే గాల్లోకి లేవడు, అడుగు తీసి దూకుతాడు. గోతి అంచుకు రాకముందే మీరు నిర్ణయం తీసుకోవాలి. ఈ రోజు కూర్చున్నా అరచేతులు చెమర్చుతాయి. ఆ చెమటకు బడి జ్ఞాపకంతో పని లేదు.

ఇద్దరు ఆడే గేమ్‌లతో ఇంకా జాగ్రత్త కావాలి. వాటిని ఒంటరిగా ఆడితే అన్యాయం అవుతుంది. పాత దోస్తుతో ఆడితే మళ్లీ జ్ఞాపకమే గెలుస్తుంది. కాబట్టి ఆ గేమ్‌ను ఎప్పుడూ ఆడని మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. అక్క కొడుకైనా, పక్కింటి పిల్లైనా సరే. ఉదాహరణకు కాంట్రా. జలపాతం లెవెల్‌లో ఒకడు తొందరపడి పైకి ఎగబాకితే తెర అతనితో పాటు పైకి జరుగుతుంది, కింద ఉండిపోయినవాడు చచ్చిపోతాడు. అప్పుడు "ఆగు, ఆగు!" అన్న కేక దానంతటదే వస్తుంది. పక్కన ఉన్నది మీ అన్న కాకపోయినా, ఆ ఆట ముఖమెరగని పిల్లాడైనా అదే కేక. అంటే ఆ తోడును గేమే పుట్టిస్తోంది. ఆ మార్కు పూర్తిగా గేమ్‌దే. ముస్తఫా కూడా ఈ పరీక్షలో బాగా నిలబడుతుంది, ముగ్గురు చేరితే ఇంకా బాగుంటుంది.

పోలుస్తున్నప్పుడు ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. కౌంటర్ స్ట్రైక్ కంటే క్రికెట్ 07 పైన, క్రికెట్ కంటే మోస్ట్ వాంటెడ్ పైన, మళ్లీ మోస్ట్ వాంటెడ్ కంటే కౌంటర్ స్ట్రైక్ పైన అని తేలుతుంది. గుండ్రంగా తిరుగుతుంది. ఇక్కడే విసుగొచ్చి చీటీలు చింపేస్తారు. చింపొద్దు. దాని అర్థం, మీరు ఒక్కో జతను ఒక్కో కొలతతో కొలుస్తున్నారని. ఒకచోట గెలుపు గుర్తొచ్చింది, ఒకచోట దోస్తులు గుర్తొచ్చారు, ఒకచోట స్పీడ్ గుర్తొచ్చింది. ఆ మూడు చీటీలనూ కవర్లో వేసి రెండు రోజులు పక్కన పెట్టండి. తర్వాత తీసి, వదులుకునే ప్రశ్నను పైకి గట్టిగా చదివి మరీ అడగండి. ముడి విడిపోతుంది. ఈ పని ఎవరూ లేనప్పుడు చేయండి. నలుగురిలో చేస్తే గొంతు పెద్దవాడి ర్యాంకులే మీ ర్యాంకులవుతాయి.

కారణం రాయండి

ప్రతి పేరు పక్కన ఒక కారణం ఉండాలి. 'గ్రాఫిక్స్ సూపర్', 'స్టోరీ బాగుంది' అన్న రెండు మాటలూ నిషేధం. అవి వెయ్యి గేమ్‌లకు సరిపోతాయి. ఆ గేమ్‌లో మీ చేతులు ఏం చేశాయో, మీ తల ఏం ఆలోచించిందో రాయండి.

నా లిస్ట్‌లో పైన ఉన్నది 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. కారణం ఇది: మొదట చేతిలో ముగ్గురే పనివాళ్లు, గొర్రెలు కోసి, కట్టెలు కొట్టి, రాయి తవ్వి, ఆ రాయితో గోడ కట్టాలి. రాయి గోడకు పెడితే కోటకు మిగలదు, కోటకు పెడితే గోడ సగంలో ఆగుతుంది. ఈ లెక్క తెగక తల వేడెక్కిన మనిషి మన ఖిలా వరంగల్‌కు వెళ్లి చూడాలి. లోపల రాతి గోడ, దాని చుట్టూ కందకం, బయట మళ్లీ మట్టి గోడ. అన్నింటికీ రాయి పెట్టకుండా బయటి వలయాన్ని మట్టితో ఎందుకు వేసి ఉంటారో ఆ గేమ్ ఆడినవాడు గోడ ముందు నిలబడి ఆలోచిస్తాడు. నన్ను అలా ఆలోచింపజేసిన గేమ్ ఇంకొకటి లేదు. 2019లో దీన్ని కొత్త హంగులతో మళ్లీ విడుదల చేశారు, 2022లో ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు కూడా వచ్చి చేరారు.

రెండోది టెట్రిస్. అందులో గెలుపు లేదు, ఎప్పటికైనా ఓటమే, అయినా ప్రతి ముక్కకూ చోటు వెతుకుతూనే ఉంటాం. మూడోది ప్రిన్స్ ఆఫ్ పర్షియా, కారణం పైన చెప్పాను. నాలుగు కాంట్రా. ఐదు క్రికెట్ 07. 2006 నాటి గేమ్‌కు అభిమానులు ఇప్పటికీ కొత్త జెర్సీలు, కొత్త టీమ్‌లు తయారుచేసి ఎక్కించుకుంటున్నారు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆరు కౌంటర్ స్ట్రైక్ 1.6, అదీ డస్ట్ 2 అనే మ్యాప్ (ఆట జరిగే చోటు) ఒక్కదాని కోసం. తలుపు చాటున ఎవరున్నారో అడుగుల చప్పుడు విని చెప్పడం అక్కడే నేర్చుకున్నాం. ఏడు మోస్ట్ వాంటెడ్, పోలీసులు వెంటపడిన ఆ ఛేజ్‌ల కోసం.

ఎన్ని ఉండాలి, ఎప్పుడు మార్చాలి

ఏడే ఉండాలి. పది పెడితే చివరి మూడూ ఖాళీ నింపడానికి వచ్చినవే అవుతాయి. ఐదు పెడితే మంచిది ఏదో ఒకటి బలవుతుంది.

కాగితం పైన తేదీ వేయండి. ఏడాదికి ఒకసారి, దసరాకు, చీటీలు మళ్లీ పరవండి. మధ్యలో కొత్త గేమ్ నచ్చితే దాని చీటీ రాసి కవర్లో ఉంచండి, అప్పటిదాకా లిస్ట్‌లోకి రానివ్వొద్దు. పాత కాగితం పారేయొద్దు, కొత్తది దాని వెనకే పిన్ చేయండి. ఎవరైనా మీ లిస్ట్ తప్పంటే వాదన పెట్టుకోకుండా, వాళ్ల చేతికి రెండు చీటీలిచ్చి ఆ ఒక్క ప్రశ్న అడగండి.