విరేచనాలవుతున్న బిడ్డకు ఓఆర్‌ఎస్ ఎలా పట్టాలి

పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నంత కాలం తల్లుల నోట నేను ఎక్కువగా విన్నది ఒకటే మాట: "సిస్టర్, ఒక్క సెలైన్ పెట్టండమ్మా, పిల్లాడు తట్టుకోలేకపోతున్నాడు." ఆ పిల్లాడేమో కళ్లు తెరిచి చూస్తుంటాడు, గ్లాసు కనబడగానే చెయ్యి చాపుతాడు. తాగగలిగే అలాంటి బిడ్డకు చాలాసార్లు సూది అక్కర్లేదు. ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు (నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజ్ పొడి), ఒక చెంచా, పక్కన కూర్చునే ఓపిక ఉన్న మనిషి ఉంటే సరిపోతుంది. అది ఎలా చెయ్యాలో వార్డులో చెప్పినట్టే ఇక్కడ చెబుతాను.

నీళ్ల విరేచనాల్లో ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు. మన ఇళ్లలో మాత్రం తాగిన కొద్దీ పోతాయన్న భయంతో బిడ్డకు నీళ్లు తగ్గించేస్తారు. పైగా లంఖణం పరమౌషధం అంటారు. ఆ మాట నెలల బిడ్డ దగ్గర దయచేసి పాటించకండి. మొదటి నీళ్ల విరేచనం కాగానే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి, కళ్లు లోతుకు పోయేదాకా ఆగొద్దు.

ముందు ప్యాకెట్టు కొనడం. మెడికల్ షాపులో "ఓఆర్‌ఎస్" అనగానే చేతిలో పెట్టింది తీసుకోకుండా, మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూడండి, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు. లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్, ఇదీ లెక్క. అట్టడబ్బాల్లో పళ్ల రుచులతో అమ్మే పానీయాలు అది కావు. వాటిలో చక్కెర చాలా ఎక్కువ. ఆ చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇక ప్రభుత్వ ప్యాకెట్టయితే ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో ఉచితంగానే ఇస్తారు. అది ఏ రకంగానూ తక్కువది కాదు.

ఇప్పుడు కలపడం. అన్ని తప్పులూ ఇక్కడే జరుగుతాయి కాబట్టి ఇది నెమ్మదిగా చదవండి. పెద్ద ప్యాకెట్టు, అంటే సుమారు 21 గ్రాములది, లీటరు నీటికి. నాలుగు గ్రాముల చిల్లర ఉండే చిన్న ప్యాకెట్టు 200 మిల్లీలీటర్లకు. ఏది ఎంతకో దాని మీదే రాసి ఉంటుంది. చాలామంది పెద్ద ప్యాకెట్టు చించి గ్లాసు నీళ్లలో రెండు చెంచాలు వేసి, మిగతాది మడిచి అలమారలో పెడతారు. అలా వద్దు. తెరిచిన పొడికి చెమ్మ తగులుతుంది, గ్లాసులో ఉప్పు ఎంత పడిందో ఎవరికీ తెలియదు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం, నీళ్లు ఎక్కువైతే మందు పనిచెయ్యదు. లీటరు నీళ్ల సీసా ఏ ఇంట్లోనైనా ఉంటుంది కదా, దాన్ని శుభ్రంగా కడిగి కొలతకు పెట్టుకోండి. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు కొలిచి గిన్నెలో పోసి, చేతులు సబ్బుతో కడుక్కుని, ప్యాకెట్టు మొత్తం ఒకేసారి వెయ్యండి. అడుగున పలుకు లేకుండా కరిగేదాకా కలపండి. తర్వాత ఒక చుక్క మీరే నోట్లో వేసుకోండి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఉప్పగా ఉంటే కొలత తప్పినట్టే, పారబోసి మళ్లీ కలపండి. పాలలో, పళ్లరసంలో కలపొద్దు. పైన ఇంకో చెంచా పంచదార వెయ్యొద్దు. కలిపాక కాచొద్దు. మూత పెట్టుకుని 24 గంటల్లోపు వాడి, మిగిలింది పారబొయ్యండి.

ప్యాకెట్టు దొరకని వేళ శుభ్రమైన లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. చెంచా మీద గుట్టగా లేకుండా వేలితో సమంగా తుడిచి కొలవండి. ఇది ప్యాకెట్టు తెచ్చేదాకా ఆదుకుంటుంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ మనుషులు 1980 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ తిరిగి, మూడు వేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లంతో ఈ నీళ్లు కలపడం కోటికి పైగా ఇళ్లలో నేర్పారు. తల్లి ఎంత బాగా గుర్తుపెట్టుకుందో పరీక్షించి, దాన్నిబట్టి నేర్పినవాళ్లకు జీతం ఇచ్చారట. ఆరోగ్యశాఖలో పనిచేసే ప్రతివాళ్లకూ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

ఇంత చిన్న మందు ఎలా పనిచేస్తుందన్న అనుమానం ఉన్నచోట తల్లి చెంచా పట్టదు, అందుకే ఇదీ చెబుతాను. పేగు గోడలో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి వెళ్లే దారి ఒకటి ఉంది. వాటి వెంట నీరూ వెళుతుంది. కలరా వచ్చినా ఆ దారి మూసుకుపోదు. ఈ జంట దారి సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పారు. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే డాక్టర్లు ఇలాంటి నీళ్లను కలరా రోగులకు తాగించి చూశారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల్లో కలరా వ్యాపించినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారి దగ్గర సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన పొడిని కోల్‌కతాలో పొట్లాలు కట్టించి తెప్పించారు. దాన్ని కొళాయి ఉన్న డ్రమ్ముల్లో కలిపి, రోగి పక్కనున్న బంధువుల చేతే తాగించారు. ఇతరచోట్ల 30 శాతం దాకా ఉన్న మరణాలు అక్కడ 3.6 శాతానికి దిగాయి. నేల మీద పడుకున్న రోగులకు వాళ్ల అమ్మలూ అన్నలూ గ్లాసులతో చేసిన పని అది. 2022లో మహలనబిస్ గారు కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఇక పట్టడం. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై పిల్లలకు 100 నుంచి 200. సీసాపీక వద్దు, ఉగ్గుగిన్నె గానీ చెంచా గానీ వాడండి. బిడ్డను ఒడిలో తల కాస్త ఎత్తుగా ఉండేలా కూర్చోబెట్టుకుని నిమిషానికో రెండు నిమిషాలకో ఒక టీ చెంచా పట్టండి. నిమిషానికి అయిదు మిల్లీలీటర్లంటే గంటలో 300 లోపలికి వెళ్లినట్టే. దాహంతో ఉన్న బిడ్డ గ్లాసు లాక్కుని గటగటా తాగబోతే ఆపండి, అలా తాగితే వెంటనే కక్కుతాడు. వాంతి అయిందని మానేయకండి. పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. కక్కినట్టు కనబడినా ఎంతో కొంత లోపల ఉండిపోతుంది. ఒకరు అలిసిపోతే అమ్మమ్మకో నాన్నకో చెంచా ఇవ్వండి, మధ్యలో తల్లిపాలు ఇస్తూనే ఉండండి.

కళ్లు లోతుకు పోయి, చిరాకుగా ఏడుస్తూ, నీళ్లు చూడగానే ఆత్రంగా తాగుతుంటే అప్పటికే నీరు తగ్గిందని అర్థం. అలాంటి బిడ్డకు ఆరోగ్య కేంద్రంలో కూర్చోబెట్టి కిలోకు 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో పట్టిస్తాం. పది కిలోల బిడ్డకయితే 750. బొడ్డు పక్కన చర్మం రెండు వేళ్లతో పైకి లాగి వదిలితే వెనక్కి పోవడానికి రెండు సెకన్ల కంటే ఎక్కువ పట్టినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఆ బిడ్డకు సెలైన్ కావాల్సి రావచ్చు. వెంటనే బయల్దేరండి. మలంలో రక్తం పడితే, తాగిందంతా కక్కేస్తుంటే, గంటల తరబడి ఒంటికి పోయకపోతే, బిడ్డకు రెండు నెలలు నిండకపోతే, ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కు చూపించండి. స్పృహలో ఉండి మింగగలిగిన బిడ్డకు దారిలోనూ చెంచా ఆపొద్దు. పోషకాహార లోపంతో బాగా బక్కచిక్కిన పిల్లలకు లెక్క వేరు, వాళ్లను ఆసుపత్రికే తీసుకెళ్లండి.

విరేచనాలు కట్టే మాత్రలు పిల్లలకు పొరపాటున కూడా వెయ్యొద్దు. షాపువాళ్లిచ్చే యాంటీబయాటిక్ కూడా అంతే, అది డాక్టర్ రాయాల్సిందే. తప్పక వెయ్యాల్సింది జింక్. రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటితే 20, పద్నాలుగు రోజులు. మాత్రను చెంచాడు తల్లిపాలలోనో ఓఆర్‌ఎస్‌లోనో కరిగించి పట్టొచ్చు. మూడో రోజు విరేచనాలు తగ్గగానే చాలామంది ఆపేస్తారు. పద్నాలుగూ పూర్తి చెయ్యండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు మెత్తటి పప్పన్నం, అరటిపండు, పెరుగన్నం ఎప్పటిలా పెట్టండి, తగ్గాక రెండు వారాలపాటు రోజుకు ఒక పూట ఎక్కువ పెట్టండి.