జీబీల కంటే ముందు స్తంభం మీది తీగలు లెక్కపెట్టండి

బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ మీద అన్‌లిమిటెడ్ అని ఎంత పెద్దగా రాసినా, కింద చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది. నెలకు అన్ని జీబీలు దాటితే వేగం తగ్గించేస్తారు. ఆ హద్దునే ఎఫ్‌యూపీ అంటారు. అది ఎంత ఉండాలన్నది చాలావరకు మీ వీధిలో రెండో కంపెనీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

2019 సెప్టెంబరులో జియో ఫైబర్ వచ్చినప్పుడు 699 రూపాయల ప్లాన్‌కు కూడా నెలకు ఇన్ని జీబీలేనని హద్దు ఉండేది. ఏడాది తిరిగేసరికి 399కే 30 ఎంబీపీఎస్, హద్దు లేదన్నారు. ఆ నెలలోనే ఎయిర్‌టెల్ 499తో దిగింది. ఏడాదిలో తీగల ఖర్చేమీ అంతగా పడిపోలేదు, పోటీ పెరిగిందంతే. అమెరికాలోనూ ఇదే తంతు. వెరైజన్ కంపెనీ ఫైబర్ వేసిన ఈశాన్య రాష్ట్రాల్లో దాని పోటీదారు కామ్‌కాస్ట్ ఏళ్ల తరబడి హద్దు పెట్టలేదు. చాలా ఇతర చోట్ల మాత్రం 1.2 టీబీ దాటితే ప్రతి 50 జీబీకి 10 డాలర్లు వసూలు చేసింది. 2025 జూన్‌లో తెచ్చిన కొత్త ప్లాన్లలో హద్దు తీసేసింది. అక్కడున్న మనవాళ్లు పాత ప్లాన్‌లోనే ఉంటే అడిగి మార్పించుకోవాలి, దానంతటది మారదు.

ముందు మీ వాడకం తేల్చుకోండి. కంపెనీ యాప్‌లో గత మూడు బిల్లుల నెలలూ చూడండి. రౌటర్ పేజీలోని లెక్కను నమ్ముకోకండి, కరెంటు పోయి వస్తే చాలా రౌటర్లలో అది సున్నాకు వెళ్తుంది. అంచనాకైతే హెచ్‌డీ సినిమా గంటకు దాదాపు 3 జీబీ, 4కే అయితే 7 జీబీ. చాలామంది మరిచేది సీసీ కెమెరా. 2 ఎంబీపీఎస్‌తో రాత్రింబవళ్లు క్లౌడ్‌కు పంపే ఒక్క కెమెరా నెలకు 648 జీబీ తింటుంది. అప్‌లోడ్ కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి రెండు కెమెరాలుంటే 1000 జీబీ ప్లాన్ చాలదు. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెడితే ఈ బాధ ఉండదు.

తర్వాత వీధిలోకి వెళ్లి తీగలు చూడండి. అసలు పని ఇదే. రెండు బోర్డులున్నంత మాత్రాన పోటీ ఉన్నట్టు కాదు. ఒకే కేబుల్ ఆపరేటర్ రెండు పేర్లతో అమ్ముతుండొచ్చు. ‘మీ లైన్ వెనక నెట్ ఎవరిది?’ అని సూటిగా అడగండి. వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ కొడితే అందుబాటులో ఉందనే వస్తుంది. కానీ మీ స్తంభం మీది పెట్టెలో పోర్టు ఖాళీ లేకపోతే కనెక్షన్ రాదు. కాబట్టి మనిషిని పిలిపించి ఫీజిబిలిటీ, అంటే మీ ఇంటికి లైన్ ఇవ్వగలరో లేదో, చూడమనండి, అంతవరకు డబ్బు కట్టకండి. అపార్ట్‌మెంట్లలో బిల్డర్ ఒక్క కంపెనీనే లోపలికి రానిస్తే, ఇళ్లవాళ్లంతా సంతకాలు పెట్టి సంఘం తరఫున రెండో కంపెనీని పిలవాలి. ఒక్కరు అడిగితే వచ్చే కంపెనీలు తక్కువ, ఇరవై ఇళ్లంటే ఆలోచిస్తాయి.

రెండో తీగే లేని ఊళ్లో, తీగ లేకుండా మొబైల్ సిగ్నల్‌తో ఇంటికి నెట్ ఇచ్చే ఎయిర్‌ఫైబర్‌ను పోటీగా చూపించొచ్చు. దానికి హద్దు సాధారణంగా 1000 జీబీ దగ్గరే ఉంటుంది. అది మొబైల్ వాళ్లతో పంచుకునే తరంగాల మీద నడుస్తుంది కాబట్టి ఆ హద్దుకు కొంత న్యాయం ఉంది. ఫైబర్‌కు ఆ సాకు చెల్లదు. ఒక జీపాన్ పోర్టులోని (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి పేరు జీపాన్) 2.5 జీబీపీఎస్‌ను 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. ఇరుకయ్యేది అందరూ వాడే రాత్రి వేళ. తెల్లవారుజామున మీరు దించుకునే 50 జీబీ వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. నెల హద్దుకు ఆ తేడా తెలియదు.

ప్లాన్ కాగితంలో మూడు అంకెలు రాసిపెట్టుకోండి: హద్దు, హద్దుకు ముందు వేగం, తర్వాతి వేగం. ఇవి చెప్పి తీరాలని 2016లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. మూడోదే ముఖ్యం. 2 ఎంబీపీఎస్‌కు దిగితే గంటకు 0.9 జీబీ, అంటే హెచ్‌డీ ఆగి ఆగి వస్తుంది. 512 కేబీపీఎస్‌కు దిగితే ఒక్క జీబీకే నాలుగు గంటలు దాటుతుంది. అదే 3300 జీబీ హద్దున్న 30 ఎంబీపీఎస్ ప్లాన్‌ను పగలూ రాత్రీ ఆపకుండా లాగినా పది రోజులు పడుతుంది. మామూలు ఇంటికి అది హద్దు లేనట్టే. ధర పోల్చేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలపండి: 399 అన్నది 471 అవుతుంది.

బేరం గడువుకు వారం ముందు మొదలుపెట్టండి. రెండో కంపెనీ ధరను చేతిలో పెట్టుకుని, ‘మానేస్తున్నా’ అని కస్టమర్ కేర్‌కు చెప్పండి. ధర తగ్గించమంటే బిగుసుకుంటారు, హద్దు పెంచమంటే త్వరగా ఒప్పుకుంటారు, ఎందుకంటే అది వాళ్లకు పెద్ద ఖర్చు కాదు. ఒప్పుకున్నది మెసేజ్‌లో పంపమనండి. అప్పటికీ కుదరకపోతే మారండి. మొబైల్‌లా ఇక్కడ పోర్టింగ్ లేదు. కొత్త లైన్‌కు ఒక నెలే కట్టి, రాత్రి తొమ్మిదింటికి వేగం నాలుగైదు రోజులు చూశాకే పాతది తీయించండి. ఆరు నెలల అడ్వాన్సు కట్టేసినవాడి చేతిలో బేరం ఉండదు. పాత కంపెనీ రౌటర్ తిరిగి ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరుతో రసీదు తీసుకోండి, లేదంటే డిపాజిట్ ఆగిపోతుంది.