టెర్మినల్‌లో పిలిచిన ప్రోగ్రామ్ అసలు ఎక్కడుందో కనుక్కోవడం ఎలా?

లినక్స్‌లో పైథాన్ కొత్త వెర్షన్ ఎక్కించాను. వెర్షన్ అడిగితే పాతదే చెప్పింది. ఎక్కడుందో చూద్దామని ‘విచ్ పైథాన్3’ కొడితే కొత్తదాని చిరునామా, /యూఎస్‌ఆర్/లోకల్/బిన్, చూపించింది. చిరునామా కొత్తది, పలికేది పాతది! గంటసేపు బుర్ర గోక్కున్నాక తెలిసింది, నేను అడగాల్సింది విచ్‌ని కాదని.

(కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. మీరు మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.)

1. ముందు ‘టైప్’ అని, ఖాళీ వదిలి, ప్రోగ్రామ్ పేరు కొట్టండి. టెర్మినల్‌లో మనం కొట్టిన కమాండ్లను అందుకుని నడిపేది షెల్, బ్యాష్ అందులో ఒక రకం. బ్యాష్‌లో విచ్ అనేది బయటి ప్రోగ్రామ్, షెల్ మనసులో ఏముందో దానికి తెలియదు. టైప్ షెల్‌లోనే ఉంటుంది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతుంది. ‘టైప్ సీడీ’ కొట్టి చూడండి, షెల్ బిల్టిన్ అంటుంది. అంటే షెల్ ఆ పని తనే చేసుకుంటుంది, ఫైలు కోసం వెతకక్కర్లేదు. ఉబుంటులో ‘టైప్ ఎల్ఎస్’ అంటే అది ఏలియాస్ అని, అంటే మారుపేరని వస్తుంది.

2. జవాబులో ‘హ్యాష్‌డ్’ అనే మాట ఉందా? నా కేసు అదే. ఒకసారి నడిపిన ప్రోగ్రామ్ దారిని బ్యాష్ గుర్తుపెట్టుకుని, మళ్లీ వెతక్కుండా అక్కడికే వెళ్తుంది. ఇల్లు మారిన చుట్టాన్ని పాతింట్లో వెతికినట్టు. ‘హ్యాష్ -ఆర్’ కొడితే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. కొత్త టెర్మినల్ తెరిచినా సరిపోతుంది.

3. ఒకే పేరుతో ఎన్ని ఉన్నాయో చూడాలంటే ‘టైప్ -ఎ పైథాన్3’. పైన వచ్చిందే మొదట నడుస్తుంది. ఆ వరుస పాత్ అనే వేరియబుల్‌ది. ‘ఎకో’ తర్వాత డాలర్ గుర్తు, దానికి అతికించి పెద్ద అక్షరాల్లో పాత్ అని కొడితే, కోలన్లతో విడగొట్టిన ఫోల్డర్ల జాబితా వస్తుంది. షెల్ ఎడమ నుంచి వెతుక్కుంటూ పోయి, మొదట దొరికిన చోట ఆగిపోతుంది.

4. దొరికింది అసలు ఫైలా, ఇంకోచోటికి చూపించే లింకా? ‘రీడ్‌లింక్ -ఎఫ్’ తర్వాత ఆ చిరునామా మొత్తం ఇస్తే చివరి గమ్యం చెబుతుంది. ఉబుంటులో /యూఎస్‌ఆర్/బిన్/పైథాన్3 అలాంటి లింకే.

‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని వస్తే టెన్షన్ పడకండి. ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో ఉండి కూడా, దాని ఫోల్డర్ పాత్‌లో లేకపోవచ్చు.

విండోస్ వాళ్లు కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వేర్ పైథాన్’ కొట్టండి. పవర్‌షెల్‌లో ‘వేర్’ అంటే వేరే పని, అక్కడ ‘గెట్-కమాండ్ పైథాన్’ అనాలి. చిరునామాలో విండోస్‌యాప్స్ అనే ఫోల్డర్ కనిపిస్తే కాస్త అనుమానించండి. పైథాన్ లేని కంప్యూటర్‌లో అక్కడుండేది మైక్రోసాఫ్ట్ స్టోర్‌ని తెరిచే ఉత్తుత్తి ఫైలు.