కొత్త టర్మ్ మొదలైందా? తల్లిదండ్రుల్ని బడి పనుల్లో కలుపుకునే పద్ధతి

టర్మ్ మొదట్లో ప్రాథమిక బడి నుంచి ఇంటికి ఒక కాగితం వస్తుంది: "తల్లిదండ్రులందరూ బడి కార్యక్రమాల్లో పాల్గొనవలసిందిగా కోరుతున్నాం." అది చూసి వచ్చేది చాలావరకు కిందటేడు వచ్చినవాళ్లే. మిగతావాళ్లకు ఇష్టం లేదనుకుంటే పొరపాటు. ఏం పని, ఎంతసేపు, తమవల్ల అవుతుందా అన్నది ఆ కాగితంలో ఉండదు.

తల్లిదండ్రులు బడి విషయాల్లో ఎందుకు పాల్గొంటారన్న దానిమీద కేథలీన్ హూవర్-డెంప్సీ, హోవర్డ్ శాండ్లర్ అనే అమెరికా పరిశోధకులు 1990లలో పనిచేశారు. వాళ్లు చెప్పినవాటిలో ముఖ్యమైనవి మూడు: ఇది నా బాధ్యతే అనుకోవడం, నా సాయం పిల్లలకు పనికొస్తుందన్న నమ్మకం, నన్ను పిలిచారు అనిపించడం. మొదటి రెండూ ఒక్క టర్మ్‌లో మారేవి కావు. మూడోది పూర్తిగా పిలిచేవాళ్ల చేతిలో ఉంది. క్లాసు తరఫున తల్లిదండ్రుల్ని కూడగట్టే బాధ్యత మీ మీద పడితే, ముందు పిలుపు సరిచేసుకోండి.

ముందు టీచర్‌తో పావుగంట

ఎవరినీ పిలవకముందే క్లాస్ టీచర్‌ని మూడు సంగతులు అడగాలి. మీ టైము తినేస్తున్న పనుల్లో టీచరే చేయనక్కర్లేనివి ఏవి? ఏ రోజు, ఏ పీరియడ్‌లో పెద్దవాళ్లు క్లాసులో ఉన్నా ఇబ్బంది లేదు? తల్లిదండ్రులు అసలు వేలు పెట్టకూడనివి ఏవి? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులు దాదాపు ఎక్కడైనా ఒకటే: పుస్తకాలకు అట్టలు, లేబుళ్లు, చార్టులు కత్తిరించడం, లైబ్రరీ సర్దడం, పిల్లల చేత చదివించుకోవడం, బయటికి తీసుకెళ్లినప్పుడు తోడు. మూడో ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకోండి. మార్కులు, క్రమశిక్షణ, ఒక పిల్లాడిని ఇంకొకడితో పోల్చడం టీచర్ వదిలిపెట్టినా మీరు ముట్టుకోవద్దు.

ఈ పావుగంట దాటవేసి నేరుగా క్లాసులోకి జొరబడితే, ఉత్సాహం ఉన్న నలుగురు వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటుంటారు. టీచర్‌కి పరీక్షలా ఉంటుంది. మూడో వారానికి "ఇప్పుడు వద్దులెండి" అన్న మాట వినిపిస్తుంది.

ఇంకో సంగతి: చిన్న క్లాసుల్లో మొదటి రెండు వారాలు తల్లిదండ్రులు లోపలికి వెళ్లకపోవడమే మంచిది. అప్పుడప్పుడే ఇల్లు వదిలి ఉండటం అలవాటవుతున్న పిల్లలు ఎవరి అమ్మ కనిపించినా మళ్లీ ఏడుపు మొదలెడతారు. మూడో వారం నుంచి మొదలుపెట్టండి. వచ్చినవాళ్లను వాళ్ల సొంత పిల్లలు లేని గుంపుకి పంపండి.

పనుల పట్టిక

ఒక్క పేజీ చాలు. నాలుగు గళ్లు: పని, ఎంతసేపు, ఎప్పుడు, ఎక్కడ. ముప్పైమంది ఉన్న క్లాసుకు పన్నెండు నుంచి పదిహేను పనులు రాయండి. వాటిలో సగం ఇంట్లో కూర్చునో, బడి వేళలు అయ్యాకో చేయగలిగేవి కావాలి. లేకపోతే పగలు ఖాళీ ఉన్నవాళ్లే పట్టికలో మిగులుతారు. "క్లాసుకు సాయం" అని రాస్తే ఎవరూ టిక్ పెట్టరు. "ఇరవై లెక్కల కార్డులు కత్తిరించడం, అరగంట, ఇంట్లో, ఈ ఆదివారంలోగా" అని రాస్తే పెడతారు.

కింద మూడు ప్రశ్నలు: మీకు ఏ వేళ వీలు? మీకు చేతనైన పని ఏదైనా (కుట్టు, తోటపని, బొమ్మలు, కథ చెప్పడం)? మీరు కాక ఇంట్లో ఇంకెవరు రాగలరు? మూడో ప్రశ్న మరిచిపోవద్దు. తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలు, బాబాయిలు ఆ గీత కింది నుంచే బయటికొస్తారు. ఉద్యోగం, ఆదాయం అడగకండి.

తిరిగి ఇవ్వడానికి ఐదు రోజులు గడువు పెట్టండి. ఇవ్వనివాళ్లకు రెండో కాగితం పంపడం దండగ. పిల్లల్ని దింపే వేళ గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి అడగండి: "శుక్రవారం మూడింటికి లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేస్తున్నామండీ. అరగంట పని. మీరు వస్తారా?" రాలేమంటే, "ఏ రోజైతే వీలు?" అని అక్కడితో ఆపండి. కారణాలు అడగొద్దు.

పట్టిక నింపి ఇచ్చిన ప్రతి కుటుంబానికీ పది రోజుల్లోగా ఏదో ఒక పని అప్పగించండి, ఎంత చిన్నదైనా సరే. ఇచ్చిన కాగితానికి జవాబే లేకపోతే వచ్చే టర్మ్‌లో ఆ ఇంటి నుంచి కాగితం రాదు.

మొదటి సమావేశం

నలభై ఐదు నిమిషాలు దాటనివ్వకండి. పది నిమిషాలు టీచర్ క్లాసులో ఒక రోజు ఎలా గడుస్తుందో చెబుతారు. పది నిమిషాలు పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. పావుగంట పనుల పంపకం, పది నిమిషాలు ప్రశ్నలు. "మా వాడి సంగతేంటి" అన్న మాట వచ్చిందంటే, విడిగా కలిసే టైము అక్కడే రాసివ్వండి. లేకపోతే సమావేశం మొత్తం అటే పోతుంది.

చిన్నపిల్లల్ని వదిలి రాలేనివాళ్ల కోసం పక్క గదిలో ఇద్దరు పెద్దవాళ్లను, కొన్ని బొమ్మలను ఉంచండి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ల కోసం అదే సమావేశాన్ని మరో రోజు మరో వేళ ఇరవై నిమిషాల్లో మళ్లీ పెట్టండి. చదవడం రానివాళ్లకు వాయిస్ మెసేజ్ పంపండి. ఇంటి భాష వేరైతే, పిల్లల చేత అనువాదం చేయించకండి. తమకు నచ్చని ముక్క పిల్లలు నెమ్మదిగా మింగేస్తారు, పైగా పెద్దల సంగతులు మోసే బరువు వాళ్ల మీద పడుతుంది.

వాట్సాప్ గ్రూపు

ఒకటి ప్రకటనలకే, అడ్మిన్లు మాత్రమే రాసేది. కబుర్లకు వేరే గ్రూపు. రెండూ కలిస్తే రేపటి సెలవు సంగతి శుభాకాంక్షల బొమ్మల కింద పడిపోతుంది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఏడు దాకా మెసేజీలు లేవు. ఏ పిల్లాడి పేరూ పెట్టి ఫిర్యాదు రాయకూడదు, అది టీచర్‌తో నేరుగా తేల్చుకోవాలి. ఇతరుల పిల్లలున్న ఫొటోలు ఆ తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టకూడదు. ముఖ్యమైన ప్రకటన కాగితం మీద కూడా వెళ్లాలి.

చదివించుకోవడానికి వచ్చేవాళ్లకు

అన్నిటికన్నా ఫలితం కనిపించే పని ఇది, చెడగొట్టడమూ తేలికే. అరగంటకు ముగ్గురు పిల్లలు, ఒక్కొక్కరికి పది నిమిషాలు. తలుపు తెరిచి, అందరికీ కనిపించే చోట కూర్చోవాలి. పిల్లతో ఒంటరిగా మూసిన గదిలో ఎప్పుడూ ఉండకూడదు, బాత్రూమ్ అవసరమైతే సిబ్బందిని పిలవాలి. గుర్తింపు పత్రాలు, నేపథ్య పరిశీలన వంటివి బడి అడిగితే మొదటి రోజుకు ముందే పూర్తిచేయాలి.

పిల్ల ఆగితే మనసులో ఐదు లెక్కపెట్టండి. చాలామంది పెద్దవాళ్లు ఒకటి దాకా కూడా ఆగరు, మాట అందించేస్తారు. దాంతో పిల్ల పేజీ వదిలేసి మీ మొహం చూడటం నేర్చుకుంటుంది. ఐదు దాటినా రాకపోతే మొదటి అక్షరం వైపు వేలు చూపండి, అప్పటికీ రాకపోతే మాట చెప్పి ముందుకెళ్లండి. అర్థం చెడని తప్పును వాక్యం అయ్యేదాకా వదిలేయండి. ఒక పేజీలో ఐదు మాటలకు మించి తడబడితే పుస్తకం బరువైంది, తేలికది తీసుకోండి. చివర్లో నోటుపుస్తకంలో తేదీ, పేజీ, ఒక్క వాక్యం: "ఒత్తుల దగ్గర ఆగింది, కథ బాగా చెప్పింది."

ఎవరి పిల్ల ఎలా చదువుతోందో బయట నోరు విప్పకూడదు, పొగడ్తగా కూడా. ఆ మాట ఒక్కసారి గేటు దాటితే ఆ ఇంటివాళ్ల నమ్మకం మళ్లీ రాదు.

బయటికి వెళ్లినప్పుడు, డబ్బు దగ్గర

ఆరేళ్లలోపు పిల్లలు ముగ్గురికి ఒక పెద్ద, ఆపైవాళ్లు ఆరుగురికి ఒకరు అన్న లెక్కతో మొదలెట్టండి. రోడ్డు దాటాల్సి ఉన్నా, నీళ్ల దగ్గరికి వెళ్తున్నా పెద్దవాళ్లను ఇంకా పెంచండి. బడి నియమం ఇంకా కట్టుదిట్టంగా ఉంటే అదే పాటించాలి. పిల్లల పేర్లు, అలర్జీలు, అత్యవసర నంబర్లు ప్రతి పెద్దవారి దగ్గరా కాగితం మీద ఉండాలి. ఒక్కరి ఫోన్‌లోనే ఉంటే ఛార్జింగ్ అయిపోతుంది. బయల్దేరేటప్పుడు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తలలు లెక్కపెట్టండి. పని ముగిశాక ఆ కాగితాలు వెనక్కి తీసుకోండి.

చందా పోగుచేస్తే ఇద్దరు కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలి. ఎవరు ఎంత ఇచ్చారన్న జాబితా బయట పెట్టొద్దు.

ఆరో వారంలో

పట్టిక మళ్లీ తీయండి. కనీసం ఒక్క పనైనా చేసిన కుటుంబాలు ఎన్ని? అవే నాలుగు పేర్లు సగం పనుల పక్కన కనిపిస్తున్నాయంటే, పిలవడం మానేసి తెలిసినవాళ్ల మీద వాలిపోతున్నారన్న మాట. ప్రతి పనికీ ఇద్దరిని పెట్టండి, ఒకరు పాతవాళ్లు, ఒకరు కొత్తవాళ్లు. పాతవాళ్లు తర్వాతి టర్మ్‌లో ఆ పని వదిలేయాలని ముందే చెప్పండి. టర్మ్ మధ్యలో చేరిన పిల్లల ఇళ్లకు ఖాళీ పట్టిక పంపి సరిపెట్టకండి. దగ్గర్లో ఉండే ఒక కుటుంబం మొదటి వారంలో వాళ్లను గేటు దగ్గర కలిసి, గ్రూపులో చేర్పించి, ఇంకా మిగిలిన పనుల్లో ఒకటి చూపించాలి.