కేర్ హోమ్‌లో ఉన్న పెద్దవారిని చూడబోయే ముందు

బయల్దేరేముందు ఇంట్లో అందరినీ ఓసారి గమనించండి. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు ఆగిపోవాలి. వాంతులు, విరేచనాలైతే అవి పూర్తిగా తగ్గాక కనీసం 48 గంటలు ఆగాలి. పిల్లలకైనా ఇదే లెక్క.

గదిలోకి వెళ్లేముందు, బయటికొచ్చాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి. వాంతుల వైరస్‌ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు.

నర్సును అడగందే పెద్దవారి నోట్లో ఏదీ పెట్టకండి. పక్షవాతం వచ్చిన కొందరికి మింగడం కష్టమై, మంచినీళ్లు కూడా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సరేనంటే నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా ఇవ్వండి. తర్వాత అరగంట పడుకోబెట్టొద్దు. ప్రేమకొద్దీ అడక్కుండా తినిపించడం ప్రమాదకరం.

మతిమరుపు ఉంటే "నేనెవరో చెప్పు" అని పరీక్ష పెట్టకుండా మీరే పేరు, వరస చెప్పండి.

వినికిడి యంత్రానికి కొత్త బ్యాటరీలు మరవకండి.