ఆఫ్రికా పాఠం చెప్పడానికి: చింతగింజలు, నల్లదారం, ఒక ప్రోనోటు

నల్లగొండ, పాలమూరు బడుల్లో తొమ్మిది, పది తరగతులకు వలసవాదం పాఠం చెప్పే టీచర్ల కోసం, గ్రంథాలయాల్లో పిల్లల్ని కూచోబెట్టి చదివించేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. ఈ పాఠంలో అసలు చిక్కు ఒకటుంది. బానిసల వ్యాపారం, వలసపాలన ఎప్పుడో అయిపోయిన సంగతులని పిల్లలు రాసుకుంటారు. ఆఫ్రికా పేదరికం మాత్రం ఇప్పటిది, అక్కడి మనుషుల చేతగానితనం అనుకుంటారు. ఆ రెంటినీ కలిపే దారులు కంటికి కనపడేవే: అప్పు, రైలుపట్టా, పంట, సరిహద్దు. వాటిని పిల్లల చేతికి అందిస్తే రెండు పీరియడ్లు, అంటే తొంభై నిమిషాలు చాలు.

ముందురోజే సిద్ధం చేసుకోవలసినవి: రెండు చార్టులు అతికించి గీసిన ఆఫ్రికా పటం, 125 చింతగింజలు (పది ఎక్కువే ఉంచుకోండి, కింద పడి పోతాయి), మూడు పళ్లేలు, నల్లదారం ఉండ, గుండుసూదులు, సుద్దముక్క, కొలత టేపు, ఖాళీ ప్రోనోటు నమూనా. పటంలో దేశాల గీతలు ముందే వేయకండి. పాఠం మొత్తంలో ‘ఆఫ్రికా వాళ్లు’ అన్న మాట వీలైనంత తగ్గించి ఘనా, కాంగో, కెన్యా అని పేరుపెట్టి చెప్పండి. అక్కడ 54 దేశాలున్నాయి. మనం ఒక్క ముద్దగా మాట్లాడితే పిల్లలూ అట్లనే రాస్తారు.

గింజలు

ఒక గింజ అంటే ఒక లక్షమంది. 1500ల మొదలు నుంచి 1860ల దాకా అట్లాంటిక్ దాటించడానికి ఓడలెక్కించింది సుమారు కోటీ ఇరవై అయిదు లక్షలమందిని. మొదటి పళ్లెంలో 125 గింజలు పిల్లలతోనే లెక్కపెట్టించండి. అందులోంచి 18 తీసి రెండో పళ్లెంలో వేయించండి. వాళ్లు సముద్రం మీదే చనిపోయారు. ఆ పళ్లెం పాఠం అయ్యేదాకా బల్ల మీదే ఉండాలి, గింజలు మళ్లీ కలిపేయొద్దు. మిగిలిన 107లో 49 బ్రెజిల్‌కు, ఇప్పటి అమెరికా సంయుక్త రాష్ట్రాలున్న నేలకు కేవలం 4. ఈ నాలుగు గింజలు మూడో పళ్లెంలో పడగానే తరగతిలో చప్పుడు ఆగుతుంది, ఎందుకంటే అందరూ అమెరికాకే పోయారనుకుంటారు. మిగతావాళ్లలో ఎక్కువమంది కరీబియన్ దీవుల చెరకు తోటలకు పోయారు.

ఇక్కడ మరచిపోకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఈ గింజలు ఓడ ఎక్కినవాళ్ల లెక్క మాత్రమే. ఊళ్ల మీద దాడుల్లో చచ్చినవాళ్లు, తీరందాకా నడిపిస్తుంటే దారిలో పడిపోయినవాళ్లు, సహారా మీదుగా, హిందూ మహాసముద్రం మీదుగా అమ్ముడుపోయినవాళ్లు ఇందులో లేరు.

తర్వాత సుద్దతో నేల మీద ఒకే ఒక గడి గీయండి: పొడవు ఆరడుగులు, వెడల్పు పదహారు అంగుళాలు. 1788లో బానిసత్వ వ్యతిరేకులు అచ్చువేసిన బ్రూక్స్ అనే ఓడ పటంలో ఒక మగమనిషికి చూపించిన జాగా అంతే. వారాల తరబడి అందులోనే. పిల్లల్ని అందులో పడుకోబెట్టకండి, చేతులు కట్టి నాటకం ఆడించకండి. నవ్వులు మొదలవుతాయి, లేదా నల్లగా ఉన్న పిల్లకు ఆ యేడంతా వెక్కిరింపు పేరు మిగులుతుంది. గడిని చూస్తూ రెండు నిమిషాలు ఊరుకుంటే చాలు.

పోయినవాళ్ల సంఖ్య కంటే మిగిలినవాళ్లకు ఏమైందన్నది పాఠానికి ముఖ్యం. తీసుకుపోయింది పనిచేసే వయసువాళ్లను. బదులుగా వచ్చినవాటిలో తుపాకులున్నాయి. తుపాకీ లేని రాజ్యం పక్కవాడికి ఎరయ్యేది, తుపాకీ కావాలంటే మనిషిని అమ్మాల్సి వచ్చేది. పొరుగువాడే పట్టి అమ్మగలడన్న భయం తరాలు దాటింది. ఎక్కువమందిని పోగొట్టుకున్న జాతుల్లో ఈనాటికీ పొరుగువాళ్ల మీద, చివరికి సొంత బంధువుల మీద కూడా నమ్మకం తక్కువని నాథన్ నన్, లియొనార్డ్ వాంచెకాన్ అనే ఆర్థికవేత్తలు 2011లో సర్వేల లెక్కలతో చూపించారు.

ప్రోనోటు

ఖాళీ ప్రోనోటు ఇచ్చి పిల్లల్నే నింపమనండి: బానిసత్వం రద్దయింది, ఇప్పుడు ఎవరు ఎవరికి బాకీ? దాదాపు అందరూ యజమాని బానిసకు బాకీ అని రాస్తారు. అప్పుడు జరిగింది చెప్పండి. 1833 చట్టంతో బ్రిటన్ రెండు కోట్ల పౌండ్లు పరిహారంగా ఇచ్చింది, అదీ యజమానులకు. విడుదలైనవాళ్లకు ఒక్క పెన్నీ రాలేదు, పైగా చాలామంది 1838 దాకా పాత యజమానికే కూలి లేకుండా పనిచేయాల్సి వచ్చింది. ఆ పరిహారం కోసం చేసిన అప్పు చివరి బాకీ తీరింది 2015లో. అంటే బానిసల వారసులు కట్టిన పన్ను కూడా అందులో పోయింది.

హైతీ సంగతి ఇంకా ఘోరం. కరీబియన్ దీవుల్లో ఫ్రాన్స్ వలసగా ఉండి, బానిసలే తిరగబడి 1804లో స్వాతంత్ర్యం తెచ్చుకున్న దేశం అది. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, పోయిన ఆస్తికి పదిహేను కోట్ల ఫ్రాంకులు కట్టమంది. ఆస్తి అంటే అందులో ఆ మనుషులు కూడా. 1838లో దాన్ని తొమ్మిది కోట్లకు తగ్గించారు. కట్టడానికి హైతీ మళ్లీ ఫ్రెంచి బ్యాంకుల దగ్గరే అప్పు చేసింది. ఆ అప్పుల గొలుసు 1947దాకా తెగలేదు. బడులకు, రోడ్లకు పోవాల్సిన సొమ్ము అటు పోయింది.

మన భగేలాల (అప్పుకింద వెట్టి చేసినవాళ్ల) కథ తెలిసిన ఊళ్లలో పిల్లలు దీన్ని వెంటనే పట్టుకుంటారు. తండ్రి అప్పుకు కొడుకు దొర ఇంట్లో చాకిరీ చేసిన నేల ఇది. వెట్టిని దేశమంతా రద్దు చేసిన చట్టం వచ్చింది 1976లోనే. కానీ రెండూ ఒకటే అని చెప్పకండి. అట్లాంటిక్ బానిసను ఓడలో సముద్రం దాటించారు, సంతలో అమ్మారు, అతని భాష, పేరు తీసేశారు, పుట్టబోయే బిడ్డ కూడా యజమాని సొత్తే. తేడా చెప్తేనే పోలికకు విలువ.

దారం

ఇప్పుడు పటం మీద వలసకాలపు రైలుదారులకు నల్లదారం: సెకొండి నుంచి కుమాసి (ఘనా), డాకర్ నుంచి బమాకో (సెనెగల్, మాలి), లొబిటో నుంచి కటంగా (అంగోలా, కాంగో), మొంబాసా నుంచి కిసుము (కెన్యా). రెండు చివర్లా గుండుసూది గుచ్చండి. ప్రతి దారం ఒక కొస ఓడరేవు, రెండో కొస గని, తోట, లేదా వాటి సరుకు చేరే చోటు అని పిల్లలే కనిపెట్టాలి. మీరు ముందు చెప్పొద్దు. 1901లో కిసుము చేరిన దారి వేయడానికి మన దేశం నుంచి దాదాపు 32,000 మంది కూలీలను తీసుకుపోయారు, సుమారు 2,500 మంది అక్కడే చనిపోయారు. పనికోసం వలసపోయే పాలమూరులో ఈ మాట దగ్గర కాసేపు ఆగండి.

తర్వాత ఘనా రాజధాని అక్రా నుంచి డాకర్‌కు రైల్లో ఎట్లా పోవాలో అడగండి. దారాలు కలవవు. పట్టాల వెడల్పు కూడా ఒక్కటి కాదు. ఆఫ్రికా దేశాల ఎగుమతుల్లో పక్క ఆఫ్రికా దేశానికి పోయేది ఇప్పటికీ సుమారు ఆరోవంతే. పంటకూ అదే గతి: ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఘనా, ఐవరీ కోస్ట్‌లదే, ధర తేలేది మాత్రం లండన్, న్యూయార్క్ మార్కెట్లలో. పత్తి అమ్ముకునే నల్లగొండ రైతు బిడ్డకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

సరిహద్దులకు పది నిమిషాలు చాలు. 1884-85లో బెర్లిన్‌లో 14 దేశాలు కూచుని పంపకాల నియమాలు రాసుకున్నాయి, ఆఫ్రికా ప్రతినిధి ఒక్కడూ లేడు. స్కేలు పెట్టి 22వ అక్షాంశం మీద ఈజిప్టు-సూడాన్ గీత గీయించండి. రువాండాలో బెల్జియం పాలకులు 1930ల్లో గుర్తింపు కార్డుల మీద హుటు, టుట్సీ అని జాతి ముద్రవేయడం, 1994 హత్యాకాండలో అవే కార్డులు చూసి చంపడం పదో తరగతికి మాత్రమే చెప్పండి.

తప్పక వచ్చే ప్రశ్నలు

“ఆళ్లు ఎందుకు ఎదురు తిరగలే సార్?” తిరిగారు. హైతీ సంగతి మీరు ముందే చెప్పారు. దాదాపు పది ఓడల్లో ఒకదానిలో తిరుగుబాటు జరిగింది. “ఆళ్ల రాజులే అమ్మిండ్రు గదా?” కొందరు అమ్మారు, దాచొద్దు. కొన్నది ఎవరు, తోటలు ఎవరివి, తుపాకులు ఎక్కడివి అని తిరిగి అడగండి. 1526లోనే కాంగో రాజు అఫొన్సో, మా రాజ్యం ఖాళీ అవుతోంది, ఆపమని పోర్చుగల్ రాజుకు ఉత్తరం రాశాడు. “మనకేం సంబంధం?” అంటే వనపర్తి పేరు చెప్పండి. ఆ సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు దగ్గర ఆఫ్రికన్ అంగరక్షక దళం ఉండేది, తర్వాత అది నిజాం సైన్యంలో కలిసింది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌దే, వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు.

పాఠం అర్థమైందో లేదో తెలియాలంటే ఒకటే ప్రశ్న రాయించండి: పటంలో ఒక దారమో గీతో పంటో ఎంచుకుని, అది మొదలైన సంవత్సరం, అప్పుడు లాభపడింది ఎవరు, ఇప్పుడు దానివల్ల జరుగుతున్నది ఏమిటి, అయిదు వాక్యాల్లో. “పాపం, పేదవాళ్లు” అని మాత్రమే వచ్చిన కాయితాలు పక్కనపెట్టి, ఆ పిల్లల చేత మర్నాడు దారం విప్పించి మళ్లీ కట్టించండి.